విడతల కవలలు

మా ఉలవగుంటలో కవలలు ఎక్కువ. ప్రతి రెండో ఇంట్లో ఒక జంట ఉంటుంది. నేల గుణమనీ, బావి నీళ్ళనీ, మేము తినే కొర్రన్నమనీ ఎవరికి తోచిన కారణం వాళ్ళు చెబుతారు. అసలు కారణం పంచాయతీ ఎన్నికలు.

నేను పుట్టడానికి కొంచెం ముందు, దేశంలో జనం మరీ ఎక్కువైపోయారని ప్రభుత్వానికి తెలిసింది. ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్ళు ఎన్నికల్లో నిలబడరాదని ఉత్తర్వు వచ్చింది. అయితే ప్రభుత్వానికీ మనసుంటుంది కాబట్టి ఉత్తర్వు చివర ఒక మినహాయింపు పెట్టారు. ఏ కాన్పులోనైనా కవలలు పుడితే అది తల్లిదండ్రుల తప్పు కాదు, దాన్ని ఒక్క కాన్పుగానే లెక్కించాలి. మా ఊరివాళ్ళు ఏ ఉత్తర్వునూ మొత్తం చదవరు. చివరి వాక్యం మాత్రం చదువుతారు.

అప్పుడు మా నాన్న మాలకొండయ్య సర్పంచి. అప్పటికే అక్క మాధవి, అన్న సుధీర్ ఉన్నారు. అమ్మ తిరుపతమ్మ కడుపులో నేనున్నాను. నేను బయటికొస్తే నాన్న పదవి పోతుంది. కానీ ఆ రోజుల్లో ఇళ్ళలో పుట్టిన పిల్లల్ని వెంటనే నమోదు చేసే అలవాటు లేదు. రెండేళ్ళు దాటిపోతున్నా అన్న పుట్టినట్టు ప్రభుత్వానికి ఇంకా తెలియదు. నాన్న మా ఇద్దర్నీ ఒకే దరఖాస్తులో పుట్టించాడు. తారీఖు అన్న పుట్టిన రోజుది. కవలల పేర్లు కలవాలి గనక, వేరే పేరు వెతికే తీరిక లేక, అన్న పేరు చివర ఒక అచ్చు తగిలించి నన్ను సుధీర అన్నాడు.

అలా పుట్టీపుట్టగానే నాకు రెండేళ్ళు నిండాయి.

మూడున్నరేళ్ళకు ఒకటో తరగతిలో అన్న పక్కన కూర్చున్నాను. సగం రోజు నిద్రపోయేదాన్ని. పంతులుగారు హాజరు పిలిస్తే అన్న రెండుసార్లు "వచ్చాను సార్" అనేవాడు, ఒకసారి తనకు, ఒకసారి నాకు. ఇంట్లో వాణ్ణి అన్నా అనాలి. బడిలో మాత్రం పేరు పెట్టి పిలవాలి, లేకపోతే చూసేవాళ్ళకు అనుమానం వస్తుందని నాన్న నేర్పాడు. చిన్నదాన్ని గదా, ఇంట్లో సుధీర్ అనీ బడిలో అన్నా అనీ రెండు చోట్లా దెబ్బలు తిన్నాను.

మా ఇంటిని చూసి ఊరు నేర్చుకుంది. వార్డు మెంబరు కావాలనుకున్న ప్రతి మగవాడి ఇంట్లోనూ కవలలు పుట్టసాగారు. మా ఎదురింటి చెంచయ్య బాబాయికి నలుగురు పిల్లలు. ఆయన వాళ్ళను రెండు జంటలుగా రాయించాడు. ఆ రెండో జంటలో పెద్దవాడికి నూనూగు మీసాలొచ్చేసరికి చిన్నవాడు ఇంకా పలక మీద అక్షరాలు దిద్దుతున్నాడు. పంతులుగారు ఒక్కసారి మాత్రం ఉండబట్టలేక అడిగారు.

"ఏమయ్యా చెంచయ్యా, వీడేంటి ఇంత, వాడేంటి అంత?"

"పాలు ఒకడే తాగేశాడండీ" అన్నాడు చెంచయ్య బాబాయి.

పంతులుగారు మళ్ళీ అడగలేదు. ఆయనకూ రెండే కాన్పులు, ముగ్గురు పిల్లలు.

ఇలా కొన్నేళ్ళు గడిచాక, మూడో కాన్పు అన్న మాటే వినపడని గ్రామంగా ఉలవగుంట పేరు జిల్లా దాకా పాకింది. ఆదర్శ చిన్న కుటుంబ గ్రామమని అవార్డు ఇవ్వడానికి విశ్వపతి గారనే కుర్ర అధికారి జీపులో వచ్చారు. "నిగ్రహమునందును, నియంత్రణయందును ఈ గ్రామము యావద్రాష్ట్రమునకు మార్గదర్శకము" అని ఆయన ప్రసంగించారు. వేదిక ముందు కూర్చున్న పిల్లలమంతా చప్పట్లు కొట్టాం. పిల్లలు ఎక్కువగా ఉన్నందువల్ల చప్పట్లు బాగా వినపడ్డాయి.

ఆ తర్వాత కవలల సంగతి పైవాళ్ళ కంటబడింది. డాక్టర్లు వచ్చి మా మంచినీళ్ళ బావిలో నీళ్ళు సీసాల్లో పట్టుకుపోయారు. ఆరు నెలలకు నివేదిక వచ్చింది. "సదరు నీటియందు ప్రత్యేక పదార్థమేదియు కానరానందున, కవల జననములు కానరాని పదార్థము వలన సంభవించుచున్నవని భావించడమైనది." బావి పక్కన బోర్డు పెట్టారు. పిల్లల్లేనివాళ్ళు ఎక్కడెక్కడి నుంచో వచ్చి ఆ నీళ్ళు తాగి, క్యాన్లలో పట్టుకుపోయేవాళ్ళు.

"ఈ నీళ్ళతో పప్పు కూడా ఉడకదమ్మా, మీకు పిల్లలేం ఉడుకుతారు?" అనేది బావి దగ్గర అంకమ్మత్త. వాళ్ళు ఆమెను గిట్టనివాళ్ళ మనిషనుకుని దణ్ణం పెట్టి పోయేవాళ్ళు.

నాకు పదిహేనేళ్ళప్పుడు కాగితం మీద పదిహేడు నిండాయి. ఏఎన్ఎం శిక్షణలో సీటొచ్చింది. చదువయ్యాక కొన్నాళ్ళకు మా ఊరి ఆరోగ్య ఉపకేంద్రంలోనే ఉద్యోగం వచ్చింది. గర్భిణులకు రక్తపోటు చూడడం, పసిపిల్లలకు టీకాలు వేయడం, రెండో కాన్పైన వాళ్ళను ఆపరేషనుకు పంపడం నా పని. ఉపకేంద్రం గోడ మీద పెద్ద అక్షరాలతో "ఇద్దరు చాలు" అని ఉండేది. ఆ గోడ కిందే కూర్చుని, ఇద్దరు చాలని నేను ఊరందరికీ చెప్పాను. నా మాట విన్నారు. కొంతమంది ఒకరితోనే ఆపేశారు. నేను వేసే టీకాలు ఏడాదికేడాది తగ్గిపోయాయి. బడిలో పంతులమ్మ ఒక్కతే మిగిలింది, ఆవిడ చెప్పే పాఠానికి పిల్లలు అరడజను లేరు.

ఈ వేసవిలో విశ్వపతి గారు మళ్ళీ వచ్చారు. జుట్టు పోయింది, హోదా పెరిగింది. అప్పట్లో ఆయన కుటుంబ నియంత్రణాధికారి, ఇప్పుడు కుటుంబ విస్తరణ ప్రత్యేకాధికారి. పంచాయతీ ఆఫీసు ముందు షామియానా వేయించి, ఒక పెద్ద అట్ట మీద బొమ్మ చూపించారు.

"పూర్వము మన జనాభా పిరమిడు ఆకారమున నుండెడిది. కింద పిల్లలు ఎక్కువ, పైన వృద్ధులు తక్కువ. ఇప్పుడు చూడుడు. కింద సన్నము, పైన లావు. బొంగరము వలె నిలిచినది."

"బొంగరమైతే తిరగాలి గద సారూ?" అన్నాడు చెంచయ్య బాబాయి.

"తిరగదు. పడిపోవును" అన్నారు విశ్వపతి గారు గంభీరంగా. "పనిచేయు చేతులు తగ్గినవి, కూర్చుని తిను నోళ్ళు పెరిగినవి. ఇది ఎవరి నిర్లక్ష్యము?"

అందరూ నావైపు చూశారు. నేను టీకాల డబ్బా వైపు చూశాను.

ఆ సాయంత్రమే గోడ మీద రాత మార్చడానికి పెయింటర్ వచ్చాడు. మొత్తం సున్నం కొట్టి మళ్ళీ రాయాలేమో అనుకున్నాను. అవసరం రాలేదు. "చాలు"లో కొమ్ము చెరిపేసి, పక్కన ఒక "రు" చేర్చాడు. "ఇద్దరు చాలరు" అయింది. పెయింటు చాలా మిగిలింది.

కొత్త ఉత్తర్వు ప్రకారం ఇకమీదట ఎన్నికల్లో నిలబడాలంటే ఇంట్లో మూడు కాన్పులు అయి ఉండాలి. పిల్లల్ని లెక్కించరు, కాన్పుల్నే లెక్కిస్తారు. "గతమున కవలల వలన కొందరికి అయాచిత లబ్ధి చేకూరినది. ఈసారి అట్టి లొసుగు ఉండదు" అని విశ్వపతి గారు వివరించారు. కవలలు ఎప్పటికీ ఒక్క కాన్పే.

ఉలవగుంటలో మూడు కాన్పులున్న ఇల్లు కాగితం మీద ఒక్కటీ లేదు. కొత్తగా కనడమన్నది ఎవరివల్లా అయ్యే పని కాదు. పిల్లలున్న ఆడవాళ్ళందరికీ ఆపరేషన్లయిపోయాయి, సగం మందిని క్యాంపుకు తీసుకుపోయింది నేనే. అందుచేత ఊరు పాత పిల్లల్నే మళ్ళీ కనడం మొదలుపెట్టింది.

మరుసటి రోజు పొద్దున నాన్న నా దగ్గరికొచ్చి కూర్చున్నాడు. ఆయన నా దగ్గర కూర్చోవడం నాకు గుర్తున్నంతలో అదే మొదలు.

"అమ్మా సుధీరా, నువ్వు నా మూడో బిడ్డవి."

"తెలుసు నాన్నా."

"తెలిస్తే చాలదు తల్లీ. రాసియ్యాల. కవలలం గాదు, నేను రెండేళ్ళు చిన్నదాన్నని నువ్వొక అర్జీ రాసిస్తే మనకి మూడు కాన్పులైతాయి. ఈసారి సర్పంచి మనదే."

"నేను రెండేళ్ళు చిన్నదాన్నయితే పదిహేనేళ్ళకే శిక్షణలో చేరినట్టు. వయసు చాలదు గదా. సర్టిఫికెట్ చెల్లదు. ఉద్యోగం పోద్ది."

"ఉద్యోగం పోతే పోయిందిలే. రెండేళ్ళు వయసు తగ్గుద్ది గదా. పెళ్ళికి మంచిదేగా" అన్నాడు నాన్న.

ఆ ఉద్యోగం మీద ఈ ఇల్లు నడుస్తోంది. అంతకు మించి, ఊళ్ళో నా పేరు పెట్టి నన్ను వెతుక్కుంటూ వచ్చేది ఆ ఉద్యోగం వల్లనే. జ్వరమొచ్చిన బిడ్డను భుజాన వేసుకుని "సుధీరమ్మ ఉందా" అని అడుగుతారు. అది లేకపోతే నేను సుధీర్ పేరు చివర అచ్చును.

అన్న కూడా వచ్చాడు. వాడు ఒంగోలులో సెల్‌ఫోన్లు బాగు చేస్తాడు.

"ఏమే, మనం విడిపోతున్నామంట?"

"నీకేం పోద్దిరా అన్నా? నీ తారీఖు నీదే. నాదే గదా అరువు తారీఖు."

"నాకు మాత్రం బాధ ఉండదా? చిన్నప్పటినుంచీ నీ హాజరు కూడా నేనే పలికా."

అమ్మ వసారాలో చింతపండులో గింజలు తీస్తూ ఇదంతా వింటోంది. వాళ్ళిద్దరూ వెళ్ళాక నన్ను పిలిచింది.

"ఏమ్మే, నువ్వు ఏడబుట్టావో నీకెవరన్నా చెప్పారా?"

"లేదు."

"పొగాకు కాల్చే బ్యారన్‌లో. లోపల ఆకు కాలతా ఉంది, పొయ్యి దగ్గర నేను. కడుపు కనపడకుండా చలికాలమంతా దుప్పటి కప్పుకుని తిరిగా. అరిస్తే రోడ్డు మీదికి వినపడుద్దని మీ నాయనమ్మ నోట్లో తుండుగుడ్డ కుక్కింది. నీకు పురిటి స్నానం లేదు, ఊయల లేదు. నువ్వు పుట్టిన పదో రోజున మళ్ళీ ఆకు గుచ్చటానికి కూర్చున్నా."

"అసలు అన్న పుట్టగానే ఆపరేషన్ చేయించుకోవాల్సింది గదమ్మా."

అమ్మ నవ్వింది. "చేయించుకుంటా, తీసకపొమ్మని కాళ్ళా వేళ్ళా పడ్డా. మీ నాన్నకి తీరిక ఏది? ఊరూరా తిరిగి ఇద్దరే చాలని మైకులో చెప్తన్నాడు గదా."

కాసేపు గింజలు తీసింది. ఆ తర్వాత, "ముగ్గుర్ని కన్నాను. ఎవరన్నా అడిగితే రెండు కాన్పులనే చెప్పా ఇన్నాళ్ళూ. ఆ ఒక్కటీ ఎక్కడా లెక్కలోకి రాలా" అంది.

"ఇప్పుడొస్తదమ్మా. నేను అర్జీ రాసిస్తే."

"రాసిస్తే నీ కూడు పోద్ది" అని చింతపండు ముద్దను బానలో వేసింది.

ఒక్క వారంలో మండలాఫీసుకు ఉలవగుంట నుంచి కవలల విభజన అర్జీలు కట్టలుగా వెళ్ళాయి. నేను మాత్రం రాయలేదు. అయినా నాన్న నా పేరున రాయించి, వేలిముద్ర కోసం అమ్మను సతాయించాడు. ఆమె వేయకపోయినా అర్జీ ఆఫీసుకు పంపేశాడు. దాంతో ఆఫీసువాళ్ళు విచారణకు మా ఇంటిదే మొదట తీసుకున్నారు. సర్పంచిగా ఉండినవారి ఇల్లు, పైగా ఊళ్ళో మొట్టమొదటి కవలలు.

విచారణ రోజు పంచాయతీ ఆఫీసు కిటికీల నిండా తలకాయలే. విశ్వపతి గారు మధ్యలో, కంప్యూటర్ ముందు గుమాస్తా, ఎదురుగా బల్ల మీద నేనూ అన్నా నాన్నా అమ్మా.

గుమాస్తా మమ్మల్నిద్దర్నీ పక్కపక్కన నిలబెట్టి ఎగాదిగా చూశాడు. "సార్, వీళ్ళు కవలల్లా లేరు సార్."

"కవలలన్నాక పోలిక ఉండవలెనని ఏ నిబంధన చెప్పుచున్నది?" అన్నారు విశ్వపతి గారు విసుగ్గా. ఆయన పెద్ద ఇరకాటంలో ఉన్నారు. మమ్మల్ని విడదీస్తే పాత అవార్డు తప్పవుతుంది. అవార్డు తప్పయితే దాని మీద ఆయనకొచ్చిన రెండు ప్రమోషన్లూ తప్పవుతాయి. విడదీయకపోతే ఉలవగుంటలో నామినేషన్ వేసేవాడే ఉండడు. ఎన్నిక జరగని గ్రామం ఆయన ఖాతాలో పడుతుంది.

"తారీఖు మార్చుటకు వీలుపడదు" అన్నారు చివరికి.

"అయితే నా మూడో కాన్పో?" అన్నాడు నాన్న.

కిటికీలోంచి అంకమ్మత్త గొంతు వినిపించింది. "నీ కాన్పేందయ్యా, నీకెప్పుడయింది?"

నవ్వులు ఆగేదాకా విశ్వపతి గారు కళ్ళు మూసుకుని కూర్చున్నారు. కళ్ళు తెరిచేసరికి ఆయన ముఖం వెలిగిపోతోంది.

"కాన్పు అనగానేమి? ప్రారంభమై ముగియునది. మధ్యలో విరామముండరాదని ఏ ఉత్తర్వులోనైనా ఉన్నదా?"

గుమాస్తా కంప్యూటర్లో వెతికాడు. "లేదు సార్."

"వ్రాయుము. తొలి కాన్పు యథాతథము. రెండవ గర్భమునందు ప్రసవము రెండు విడతలుగా జరిగినది. ప్రథమ విడతలో మగశిశువు. విరామానంతరము ద్వితీయ విడతలో ఆడశిశువు. గర్భము ఒకటే కనుక కవలలు కవలలే, అవార్డుకు భంగము లేదు. విడతలు రెండు కనుక కాన్పులు రెండు, వెరసి మూడు, అర్హతకు భంగము లేదు. జనన తేదీ ప్రథమ విడతదే కనుక ఉద్యోగమునకు భంగము లేదు. ఈ వర్గమునకు విడతల కవలలు అని పేరు పెట్టడమైనది."

నాన్న లేచి రెండు చేతులూ జోడించాడు. "సారూ, మీ బుర్రకి దణ్ణం."

"మా ఇంట్లో నాలుగు విడతలు రాసుకోండి సార్!" అని బయటినుంచి చెంచయ్య బాబాయి అరిచాడు. కిటికీల దగ్గర తోపులాట మొదలైంది. ఎవరెవరింట్లో ఎన్నెన్ని విడతలో అక్కడే లెక్కలు వేసుకుంటున్నారు.

నా ఉద్యోగం ఉంది. అంతలోనే గుమాస్తా అన్నాడు, "సార్, దీనికి తల్లి వాంగ్మూలం కావాలి. ఆమె ఒప్పుకోకపోతే అర్జీలో ఉన్నట్టు రెండు వేర్వేరు కాన్పులనే రాయాలి. అప్పుడు తారీఖు మార్చక తప్పదు."

వాంగ్మూలం టైపు చేసి పైకి చదివాడు. "నేను, తిరుపతమ్మ, ప్రమాణపూర్వకముగా తెలియజేయునది ఏమనగా, నా రెండవ ప్రసవమునకు సంబంధించిన నొప్పులు నా కుమారుని జననముతో ప్రారంభమై, మధ్యమధ్య విరామములతో, రెండు సంవత్సరముల పైబడి కొనసాగి, నా కుమార్తె జననముతో ముగిసినవి."

అమ్మ బొటనవేలు కొంగులో ముడుచుకుంది.

"ఊఁ అనవే, ఏముంది అందులో" అన్నాడు నాన్న.

అమ్మ ఆయన వైపు చూడలేదు. గుమాస్తాను అడిగింది. "అయితే ఇది వేరే కాన్పు కింద రాదా బాబూ? ఆ ముందుదాన్లోదేనా?"

"రెండో విడత కింద వస్తదమ్మా."

"అంటే నేను రెండేళ్ళు నొప్పులు పడ్డట్టు రాస్తన్నారు."

"సాంకేతికంగా అంతే" అన్నారు విశ్వపతి గారు. అమ్మకు అర్థం కాదేమోనని తన భాష కొంచెం తగ్గించారు. "ఊరికే కాగితం కోసమమ్మా. నిజంగా పడ్డావని కాదు."

అమ్మ ఒకసారి నావైపు చూసింది. బ్యారన్ గురించి చెబుతుందేమో అనుకున్నాను. చెబితే ఆపేదాన్ని కాదు.

"రాసుకోండి సారూ. అబద్ధమేం గాదు లే" అని, ఇంకు డబ్బాలో బొటనవేలు తనే ముంచింది.

గుమాస్తా ముద్ర తీసుకుని, చివరి గడి దగ్గర ఆగాడు. "కాన్పు రకం ఏం రాయమంటారు సార్?"

విశ్వపతి గారు అప్పటికే తర్వాతి కవలల్ని పిలుస్తున్నారు. గుమాస్తా తనే ఒక్క క్షణం ఆలోచించి, 'సాధారణం' అని కొట్టాడు.